బ్లేడు మీద నీళ్ళు

ఈసీజీ బాగుందన్నాడు డాక్టరు.
నా గుండె గీత ఎర్రగుంట్ల రైలు పట్టా మాదిరి
యాడా తప్పిపోలేదంట.
మరి లెక్కల పరీక్షలో
ఎడమచెయ్యి ఇంకెవరిదో అయిపోయి,
ప్రశ్నాపత్రం మీది అక్షరాలు చీమలై లేచిపోయి,
నేను చస్తాండానని నాకు నిక్కచ్చిగా తెలిసిన
ఆ పదకొండు నిమిషాలు ఏంది?

"గ్యాసు" అన్నాడు హాస్టలు పక్కన ఆరెంపీ.
"దిష్టి" అనింది జేజి, ఫోన్లోనే మూడుసార్లు తూ తూ అని.
"రాత్రిళ్ళు ఆ సెల్లు చూడు ఇంకా" అన్నాడు వార్డెను.

గుండె మీద బండ అని అందరూ ఊరికే అంటారు గానీ
నాన్న కోసే బండలు నాకు తెలుసు.
రెండడుగులకు రెండడుగులది ఎంత బరువో
సెలవుల్లో లారీకెత్తి వీపుతో నేర్చుకున్నోణ్ణి.
ఇది అంతకన్నా పెద్దది.
దీన్ని ఎత్తుకుపోను లారీ రాదు.

ప్రొద్దుటూరు హాస్టల్లో, గదిలో ముగ్గురు నిద్రపోతాంటే
మేడ మెట్ల తలుపుకు లోపల్నుంచి గడియ పెట్టి
ఆ గడియ కిందనే తెల్లారేదాకా కూర్చున్న రాత్రి ఒకటుంది.
దాని గురించి ఇంతే.

పొద్దున్నే కడప బస్సెక్కినా.
పెద్దాసుపత్రిలో చీటీ రాసే ఆమె "ఏ డాక్టరు?" అనింది.
నా వెనక యాభై మంది.
గొంతు తగ్గించి చెప్పినా.
ఆమె గొంతు పెంచింది:
"మెంటలా? పదిహేడో నంబరు. పండ్ల డాక్టరు పక్కన!"

అది మేలైంది.
తువ్వాల అడ్డం పెట్టుకొని
పంటినొప్పోని మాదిరి దవడ పట్టుకొని నడిచినా.

బెంచీ చివర, అచ్చం అట్లే దవడ పట్టుకొని,
ల్యాబు సుంకన్న సార్.
నా రికార్డు రెండుసార్లు బల్ల మీద విసిరికొట్టిన సుంకన్న సార్.

"ఏ పన్ను సార్?"
"కింది దవడ. నీకి?"
"నాకీ కిందిదే."
కాసేపు ఇద్దరం లేని పండ్ల గురించి మాట్లాడుకున్నాం,
లవంగం నూనె దాకా పోయినాం.
నర్సు ఆయన పేరు పిలిచింది.
లేచి, రెండడుగులేసి, వెనక్కొచ్చి
"నాలుగేండ్లాయ రా అబ్బీ" అన్నాడు,
"కాలేజీలో ఒక్కనికీ తెలీదు. ఇప్పుడు నీకి తెలుసు."
తర్వాత బంకు దగ్గర ఒక టీని రెండు గ్లాసుల్లో పోయించినాడు.
రికార్డు సంగతి ఎత్తలేదు.

లోపల డాక్టరమ్మ అడిగింది: "ఎప్పట్నుంచి?"
ఇంతదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదు.
ఎన్ని మార్కులు, ఎన్ని బ్యాక్‌లాగులు,
ఎన్నింటికి లేస్తావు, ఎంత కట్టాల ఫీజు.
అన్నీ ఎన్ని, ఎన్ని, ఎన్ని.
ఎప్పట్నుంచి అనేసరికి
ముక్కు తుడుచుకోను తువ్వాల చాల్లేదు.

ఆదివారం నాన్నకు చెప్పినా.
బండల ఫ్యాక్టరీలో, మిషను మోతలో,
సగం వినపడకుంటే బాగుండునని.
ఆయన మిషను ఆపేసినాడు.
అడుగు లెక్కన కూలి ఆయనకి, పనిలో యాన్నాడూ ఆపడు.
కనురెప్పల మీది తెల్లదుమ్ము కూడా కదలకుండా
నన్నట్లే చూసి చూసి,
"మాత్రలు తినకముందు వేసుకోవాల్నా, తిన్నాకనా?" అన్నాడు.
"తిన్నాక."
"మరి తిన్యావా?"

సంగటి ముద్ద సగం నాకి పెట్టినాడు.
మళ్ళీ మిషను వేస్తా, నా చేతికి పైపిచ్చి
"ధార తప్పనీకు" అని అరిచినాడు,
"నీళ్ళాగితే రాయికేం కాదు, బ్లేడు కాలిపోతాది."
పని సంగతే చెప్పినాడు లే ఆయన.
నేనే పైపు పట్టుకొని చానాసేపు నిలబడినా,
కాళ్ళ మీదికి బూడిద రంగు బురద చల్లగా కారుతాంటే.

ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలే ఉండాయి.
నిన్న ఐదు గంటలు నిద్రపట్టింది, మొన్న మూడే.
బస్సులో ఒకసారి చెయ్యి తిమ్మిరెక్కింది,
చీమలు లేస్తాయేమో అని చూసినా, లేయలేదు.
సుంకన్న సార్ రికార్డు మళ్ళీ వాపసిచ్చినాడు,
ఈసారి విసరలేదు గానీ,
గ్రాఫు తప్పంట.
చూసుకున్నా.
తప్పే.